అంబ్రెల్లానా, లిమిటెడ్ కంపెనీయా: యూకే కాంట్రాక్టర్ చేతికి నిజంగా ఎంత మిగులుతుంది?

యూకేలో ఐటీ కాంట్రాక్టులు చేసే తెలుగువాళ్లు నలుగురు కలిస్తే ఈ ప్రశ్న రాకుండా ఉండదు. అంబ్రెల్లా అంటే మిమ్మల్ని ఉద్యోగిగా పెట్టుకుని, ఏజెన్సీ ఇచ్చిన డబ్బులోంచి పన్నులు కోసి జీతం ఇచ్చే కంపెనీ. లిమిటెడ్ అంటే మీరే డైరెక్టరుగా పెట్టుకునే సొంత కంపెనీ, దాంట్లోంచి జీతం, డివిడెండు (లాభంలో వాటా) తీసుకుంటారు. "లిమిటెడ్ పెట్టుకో, అంబ్రెల్లాలో సగం డబ్బు పోతుంది" అనే సలహా రీడింగ్ నుంచి మిల్టన్ కీన్స్ దాకా ఇప్పటికీ గట్టిగానే వినిపిస్తుంది. పదేళ్ల కిందట ఆ మాటలో నిజం ఉండేది. అప్పట్లో బేసిక్ రేటు (మొదటి పన్ను శ్లాబు) లోపల తీసుకున్న డివిడెండు మీద విడిగా కట్టాల్సింది ఏమీ ఉండేది కాదు. 2016 ఏప్రిల్‌లో డివిడెండు పన్ను వచ్చింది. 2023 ఏప్రిల్‌లో కంపెనీ లాభం మీద పడే కార్పొరేషన్ ట్యాక్స్ గరిష్ఠ రేటు 25 శాతమైంది. పన్ను లేని డివిడెండు పరిమితి 5,000 పౌండ్ల నుంచి దిగుతూ దిగుతూ 2024 ఏప్రిల్‌కి 500 దగ్గర ఆగింది. 2026 ఏప్రిల్ నుంచి డివిడెండు రేట్లు ఇంకో రెండు పాయింట్లు పెరిగి 10.75, 35.75 శాతమయ్యాయి. లెక్క ఇంతగా మారినా సలహా మాత్రం అదే నడుస్తోంది. అందుకే 2026-27 రేట్లతో, ఇంగ్లండ్‌లో ఉండేవాళ్ల కోసం మళ్లీ మొదటి నుంచి లెక్క వేద్దాం. స్కాట్లండ్‌లో జీతం మీద ఇన్‌కమ్ ట్యాక్స్ శ్లాబులు వేరు, అక్కడివాళ్లకు అంబ్రెల్లా అంకెలు మారతాయి.

ముందు తేలాల్సింది ఐఆర్35

ఐఆర్35 అంటే సొంత కంపెనీ పేరుతో ఉద్యోగిలా పనిచేసేవాళ్ల మీద జీతం పన్నే వేసే నిబంధన. కాంట్రాక్టు దాని లోపల ఉందా, బయట ఉందా అన్నది తేలకుండా మిగతా చర్చ అంతా వృథా. మధ్యలో కంపెనీ లేకపోతే మీరు ఆ క్లయింటుకు ఉద్యోగి కిందే లెక్క అనిపిస్తే, అది 'ఇన్‌సైడ్'. మీ పని ఎలా చేయాలో మేనేజరు చెబుతున్నాడా, మీ బదులు ఇంకొకరిని పంపే హక్కు మీకు నిజంగా ఉందా, పని లేకపోయినా డబ్బు ఇవ్వాల్సిన బాధ్యత క్లయింటుకు ఉందా? చూసేది ఇవే. 2000లో వచ్చిన ఈ నిబంధన కింద చాలాకాలం ఎవరి కంపెనీ గురించి వాళ్లే నిర్ణయించుకునేవారు. 2017లో ప్రభుత్వ రంగానికి, 2021 ఏప్రిల్‌లో ప్రైవేటు రంగంలోని మధ్యస్థ, పెద్ద కంపెనీలకు ఆ నిర్ణయం క్లయింటు చేతికి మారింది. చిన్న కంపెనీకి పని చేస్తే మాత్రం ఇప్పటికీ నిర్ణయం, బాధ్యత రెండూ మీ కంపెనీవే.

క్లయింటు 'ఇన్‌సైడ్' అని తేల్చేస్తే లిమిటెడ్ కంపెనీ ఆలోచన పక్కన పెట్టేయండి. డబ్బు చెల్లించే ఏజెన్సీయే జీతం మీద కోసినట్టు పన్ను, నేషనల్ ఇన్సూరెన్స్ (ఎన్ఐ) కోసేసి మిగిలింది మీ కంపెనీకి పంపుతుంది. డివిడెండు లాభం ఏమీ ఉండదు, అకౌంటెంటు ఫీజు మాత్రం అదనం. బ్యాంకుల్లో, బీమా కంపెనీల్లో వచ్చే కాంట్రాక్టుల్లో ఎక్కువ భాగం ఇలాంటివే. అంటే చాలామంది విషయంలో ఎంపిక క్లయింటు ముందే చేసేసి ఉంటుంది.

వీసా సంగతీ ఇక్కడే. స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నవాళ్లు స్పాన్సర్ ఇచ్చిన ఉద్యోగానికి కట్టుబడి ఉండాలి కాబట్టి, ప్రధాన ఉద్యోగంగా ఈ రెండు దారులూ వాళ్లకు లేవు. గ్రాడ్యుయేట్ వీసా, స్కిల్డ్ వర్కర్ డిపెండెంట్, ఐఎల్‌ఆర్ (శాశ్వత నివాసం), బ్రిటిష్ పౌరసత్వం ఉన్నవాళ్లకు రెండూ తెరిచే ఉన్నాయి. స్టూడెంట్ వీసా మీద సొంత వ్యాపారం కుదరదు.

రోజుకు 400 పౌండ్లు: అసలు లెక్క

ఏడాదికి 44 వారాలు, అంటే 220 రోజుల పని. మొత్తం 88,000 పౌండ్లు.

అంబ్రెల్లా దారిలో ముందు కంపెనీ తన మార్జిన్ తీసుకుంటుంది. వారానికి 25 పౌండ్లు అనుకుంటే 1,100. మిగిలిన 86,900లోంచి మీ యజమానిగా అంబ్రెల్లా కట్టాల్సిన ఎంప్లాయర్ ఎన్ఐ సుమారు 10,633, అప్రెంటిస్‌షిప్ లెవీ (శిక్షణ నిధికి యజమాని కట్టేది) 379 పోతాయి. అప్పుడు మిగిలే 75,887 పౌండ్లు మీ గ్రాస్ జీతం. దాని మీద ఇన్‌కమ్ ట్యాక్స్ 17,787, మీ వంతు ఎన్ఐ 3,528. చేతికి వచ్చేది 54,572. పెన్షన్ ఇంకా ఇందులో కలపలేదు.

లిమిటెడ్ దారిలో, ఐఆర్35 బయట: అకౌంటెంటు, ఇన్సూరెన్స్, ఇతర చిల్లర ఖర్చులకు 2,000 పోనివ్వండి. మీకు మీరే 12,570 జీతం ఇచ్చుకుంటారు, దాని మీద ఎంప్లాయర్ ఎన్ఐ 1,135. (2025 ఏప్రిల్‌లో ఎన్ఐ పరిమితిని 5,000కు దించాక జీతం కూడా 5,000కే తగ్గించుకోవాలని కొందరు అంటారు. ఆ ఎన్ఐ కట్టినా, కార్పొరేషన్ ట్యాక్స్‌లో మిగిలేది అంతకన్నా ఎక్కువే. 12,570తోనే సుమారు 750 పౌండ్లు లాభం.) కంపెనీ లాభం 72,294. దాని మీద కార్పొరేషన్ ట్యాక్స్ 15,408. ఇక్కడ ఒక మెలిక ఉంది: 50,000 దాకా 19 శాతమే గానీ, అది దాటిన ప్రతి పౌండు మీదా మార్జినల్ రిలీఫ్ (రేటును మెల్లగా పెంచే సర్దుబాటు) లెక్కలో పడేది నిజానికి 26.5 శాతం. మిగిలిన 56,886 మొత్తం డివిడెండుగా తీసేస్తే డివిడెండు పన్ను 10,858. జీతంతో కలిపి చేతికి 58,598.

తేడా ఏడాదికి 4,026 పౌండ్లు. నెలకు 335. సగం డబ్బు ఎక్కడ పోయింది మరి? అంబ్రెల్లాలో 62 శాతం చేతికొస్తే లిమిటెడ్‌లో 66.6 శాతం వస్తోంది, అంతే. 2025-26 డివిడెండు రేట్లతో ఇదే లెక్క వేస్తే లిమిటెడ్‌కి ఇంకో 1,128 ఎక్కువ వచ్చేది. అదీ పోయింది.

రేటు మాట్లాడుకునేటప్పుడు పనికొచ్చే అంకె ఇంకొకటి. బయట 400 ఇచ్చే కాంట్రాక్టుకు సమానం కావాలంటే అంబ్రెల్లాలో రోజుకు దాదాపు 436 రావాలి. ఒకే రోల్‌కి ఒక ఏజెన్సీ 'అవుట్‌సైడ్ 400' అని, ఇంకొకటి 'ఇన్‌సైడ్ 450' అని పిలిస్తే, మొత్తం సొమ్మును నెలనెలా తీసుకునేవాళ్లకు రెండోదే ఎక్కువ. ఇన్‌సైడ్ అన్న మాట వినగానే ఫోన్ పెట్టేసేవాళ్లు ఈ ఒక్క లెక్క వేసుకుంటే చాలు.

పేస్లిప్‌ను దగ్గరగా చూడండి

అంబ్రెల్లా నుంచి మొదటి పేస్లిప్ వచ్చినప్పుడు అందరికీ వచ్చే సందేహం ఒకటే: "ఎంప్లాయర్ ఎన్ఐ నా డబ్బులోంచి ఎందుకు కోశారు?" ఏజెన్సీ చెప్పిన 400 మీ జీతం కాదు, మీకోసం అంబ్రెల్లాకు ఇచ్చే మొత్తం. యజమాని ఖర్చులన్నీ అందులోవే. పేస్లిప్‌తో పాటు రీకన్సిలియేషన్ స్టేట్‌మెంట్ అని ఇంకో కాగితం వస్తుంది. పైన ఏజెన్సీ పంపిన మొత్తం, దాని కింద మార్జిన్, ఎంప్లాయర్ ఎన్ఐ, లెవీ, చివర మీ గ్రాస్. ఆ గ్రాస్ కింద పేస్లిప్‌లో బేసిక్, హాలిడే పే విడివిడిగా కనిపించాలి. ఎంప్లాయర్ ఎన్ఐ పైకాగితంలో ఒకసారి, పేస్లిప్‌లో మళ్లీ ఇంకోసారి కోసినట్టు కనిపిస్తే వెంటనే అడగండి.

హాలిడే పే దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ఇది బేసిక్ జీతంలో 12.07 శాతం. మన ఉదాహరణలో 75,887 గ్రాస్‌లో దాదాపు 8,170 పౌండ్లు హాలిడే పేనే. 'అడ్వాన్స్‌డ్' అని ఎంచుకుంటే ప్రతి వారం జీతంతోనే వచ్చేస్తుంది. 'అక్రూడ్' అయితే అంబ్రెల్లా దగ్గర పోగవుతుంది, సెలవు పెట్టినప్పుడు మీరు అడిగి తీసుకోవాలి. హాలిడే సంవత్సరం ముగిసేలోపు అడగకపోతే పోతుందని కొన్ని కంపెనీల కాంట్రాక్టుల్లో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. సంక్రాంతికో, ఇంట్లో పెళ్లికో నాలుగు వారాలు ఊరికి వెళ్లే అలవాటు ఉన్నవాళ్లకు అక్రూడ్ బాగానే ఉంటుంది, అడగడం గుర్తుంటేనే.

లిమిటెడ్ నిజంగా గెలిచే చోట్లు

పన్ను రేట్ల తేడా ఇంత సన్నగా ఉన్నా లిమిటెడ్ కొందరికి చాలా లాభం. ఆ లాభమంతా డబ్బు ఎప్పుడు, ఎవరి పేరిట, దేనికి తీయాలో నిర్ణయించుకునే స్వేచ్ఛలోంచి వస్తుంది.

మొదటిది భార్యాభర్తలు. ఇద్దరిలో ఒకరికి ఆదాయం లేదనుకుందాం; కొత్తగా డిపెండెంట్ వీసా మీద వచ్చి పని వెతుక్కుంటున్నవాళ్లు, పసిపిల్లలతో ఇంట్లో ఉన్నవాళ్లు మనలో చాలామందే ఉంటారు. కంపెనీ ఆర్డినరీ షేర్లు చెరిసగం ఉంటే, 56,886 డివిడెండు ఇద్దరికీ సమానంగా వెళ్తుంది. జీవిత భాగస్వామికి 12,570 పన్ను లేని పరిమితి ఖాళీగా ఉంది, ఇద్దరూ బేసిక్ రేటు దాటరు. డివిడెండు పన్ను 10,858 నుంచి సుమారు 4,657కు పడిపోతుంది. ఇంటికి వచ్చేది 64,800. అంబ్రెల్లాతో తేడా ఇప్పుడు 10,000 దాటింది. దీన్ని పన్నుల శాఖ హెచ్ఎంఆర్‌సీ ఒకప్పుడు కోర్టుకెక్కించింది. ఆర్కిటిక్ సిస్టమ్స్ కేసుగా పేరుపడిన దాంట్లో 2007లో హౌస్ ఆఫ్ లార్డ్స్ భార్యాభర్తల పక్షానే తీర్పు ఇచ్చింది. అయితే షేర్లు పూర్తి హక్కులున్న ఆర్డినరీ షేర్లే కావాలి, డబ్బు నిజంగా వాళ్ల ఖాతాలోనే పడాలి. ఇద్దరికీ మంచి జీతాలుంటే ఈ లాభం లేదు.

రెండోది ప్రయాణం. ఇల్లు రీడింగ్‌లో, క్లయింటు లీడ్స్‌లో. వారానికి రెండు రోజులు రైలు, హోటలు. ఏడాదికి 6,000 పౌండ్లు సులభంగా అవుతుంది. క్లయింటు చేతి కింద పనిచేసే అంబ్రెల్లా ఉద్యోగులకు ఇంటి నుంచి పని చోటికి ప్రయాణ ఖర్చు 2016 ఏప్రిల్ నుంచి చెల్లదు. పన్ను కట్టాక మిగిలిన జేబులోంచే పెట్టాలి. ఐఆర్35 బయట ఉన్న కంపెనీకి అది వ్యాపార ఖర్చు. ఆ 6,000 మీ చేతికి రావాల్సిన దాంట్లోంచి తగ్గించేది 2,833 మాత్రమే. అంటే దీనొక్కదానితోనే 3,000 పైగా తేడా. ఒకే చోట 24 నెలలు దాటుతుందని తెలిసిన రోజు నుంచి ఈ వీలు పోతుంది, గుర్తుంచుకోండి.

మూడోది డబ్బును కంపెనీలోనే ఉంచేయడం. మీ ఇల్లు 46,000తో గడిచిపోతుందంటే, హైయర్ రేటు (రెండో శ్లాబు) తగలకుండా ఆపి, మిగిలిన 19,000 కంపెనీ ఖాతాలో ఉంచవచ్చు. కాంట్రాక్టు లేని నెలల్లో అదే జీతం. కొన్నేళ్లు నడిపి హైదరాబాద్‌కో విజయవాడకో తిరిగి వెళ్లేటప్పుడు కంపెనీ మూసేసి, ఆ నిల్వను బిజినెస్ అసెట్ డిస్పోజల్ రిలీఫ్ అనే రాయితీ కింద 18 శాతం పన్నుతో తీసుకునేవాళ్లూ ఉన్నారు. 2026 ఏప్రిల్‌కి ముందు అది 14 శాతమే. నిల్వ 25,000 దాటితే లిక్విడేటర్ ద్వారానే మూయాలి, రెండేళ్లలోపు అదే పని మళ్లీ మొదలుపెడితే ఆ రేటు చెల్లకపోవచ్చు. ఇండియా పన్ను కూడా ఇందులో కలుస్తుంది కాబట్టి టికెట్ బుక్ చేసుకునే ముందే రెండు దేశాల లెక్కలూ తెలిసిన అకౌంటెంటుతో కూర్చోవాలి.

ఈ మూడింటిలో ఒక్కటి కూడా మీకు వర్తించకపోతే, నెలకు 335 పౌండ్ల కోసం కంపెనీ పెట్టడం మంచిదని నేను అనను. కార్పొరేషన్ ట్యాక్స్ ఏడాది ముగిసిన తొమ్మిది నెలల ఒక రోజుకి, మీ సొంత పన్ను జనవరి 31కి, అడ్వాన్సు వాయిదా జులై 31కి. ఖాతాలో కనిపించే 30,000 మీది కాదని ప్రతి నెలా మీకు మీరు చెప్పుకోవాలి. ఏ పన్నెండు నెలల్లో అయినా టర్నోవర్ 90,000 దాటితే వ్యాట్ రిజిస్ట్రేషన్. రోజుకు 400తో 88,000 దగ్గర ఆగాం గానీ, ఇంకో వారం ఎక్కువ పని చేస్తే గీత మీదికి వచ్చేస్తారు.

అంబ్రెల్లా గెలిచే చోట్లు

మూడు నెలలో, ఆరు నెలలో చేసి మళ్లీ పర్మనెంట్ ఉద్యోగం చూసుకుందాం అనుకుంటే అంబ్రెల్లాయే. కంపెనీ పెట్టడానికి, మూయడానికి పట్టే టెన్షన్ ఆ లాభాన్ని తినేస్తుంది.

పిల్లల గురించి ఆలోచిస్తున్న మహిళలు ఈ ఒక్క విషయం తప్పక చూడాలి. స్టాట్యుటరీ మెటర్నిటీ పే మొదటి ఆరు వారాలు సగటు జీతంలో 90 శాతం. అంబ్రెల్లాలో 75,887 గ్రాస్ ఉన్నవాళ్లకు అది వారానికి 1,300 పైనే. సొంత కంపెనీలో 12,570 జీతం తీసుకునేవాళ్లకు డివిడెండు లెక్కలోకి రాదు. వారానికి 217 వస్తుంది. ఏడో వారం నుంచి 33 వారాలు ఇద్దరికీ దాదాపు ఒకే రేటు. ఈ హక్కు రావాలంటే ప్రసవానికి 15 వారాల ముందు నాటికి ఒకే యజమాని దగ్గర 26 వారాలు పూర్తవ్వాలి. ఆ సమయంలో ఏజెన్సీ "మా లిస్టులో ఉన్న ఇంకో అంబ్రెల్లాకు మారండి" అంటే, ఒప్పుకునే ముందు ఆ వారాలు లెక్కపెట్టుకోండి.

ఇల్లు కొనబోతున్నవాళ్లకూ అంబ్రెల్లా కాస్త సులువు. చాలా బ్యాంకులు డైరెక్టర్లను రెండేళ్ల అకౌంట్స్ అడుగుతాయి, జీతం ప్లస్ డివిడెండునే ఆదాయంగా చూస్తాయి. పన్ను తగ్గించుకోవడానికి కంపెనీలో ఉంచిన 19,000 అప్పుడు మీకు ఎదురు తిరుగుతుంది. డే రేటును బట్టి అప్పు ఇచ్చే బ్యాంకులూ ఉన్నాయి, బ్రోకరును ఆ ప్రశ్నే ముందు అడగండి.

పెన్షన్ విషయంలో రెండూ దగ్గర దగ్గరే. 20,000 పెన్షన్‌లో వేస్తే అంబ్రెల్లాలో, సాలరీ శాక్రిఫైస్ (పన్ను పడకముందే జీతంలోంచి పెన్షన్‌కి మళ్లించడం) ఇస్తే, చేతికి తగ్గేది సుమారు 10,040, లిమిటెడ్‌లో 9,440. అయితే 2029 ఏప్రిల్ నుంచి శాక్రిఫైస్ మీద ఎన్ఐ మినహాయింపును ఏడాదికి 2,000 పౌండ్ల వరకే పరిమితం చేస్తున్నారు.

లక్ష దాటేవాళ్లకు

అంబ్రెల్లాలో రోజుకు 527 దగ్గర గ్రాస్ లక్ష పౌండ్లు అవుతుంది. అక్కడి నుంచి 1,25,140 దాకా పన్ను లేని పరిమితి కరుగుతూ పోతుంది. క్లయింటు అదనంగా ఇచ్చే ప్రతి పౌండులో మీకు దక్కేది 33 పెన్సులు. ఇంట్లో చిన్నపిల్లలుంటే దెబ్బ ఇంకా పెద్దది: తల్లిదండ్రుల్లో ఒక్కరి ఆదాయం లక్ష దాటినా ఇంగ్లండ్‌లో వారానికి 30 గంటల ఉచిత చైల్డ్‌కేర్, ట్యాక్స్ ఫ్రీ చైల్డ్‌కేర్ రెండూ పోతాయి. అంబ్రెల్లాలో ఉన్నవాళ్లు దాటిన మొత్తాన్ని పెన్షన్‌లోకి మళ్లించాలి. లిమిటెడ్‌లో ఉన్నవాళ్లు డివిడెండు ఆపుకుంటే చాలు. ఈ రేటు దగ్గర, ఐఆర్35 బయట కాంట్రాక్టు ఉంటే, నేను వెనకాడకుండా లిమిటెడ్ వైపే చెబుతాను.

ఎక్కడ ఎక్కువ ఇస్తామంటే అక్కడ ఆగండి

చట్టం ప్రకారం నడిచే అంబ్రెల్లాలన్నీ ఒకే పన్ను కోస్తాయి. వాటి మధ్య తేడా మార్జిన్ ఒక్కటే, వారానికి ఐదో పదో పౌండ్లు. కాబట్టి ఎవరైనా "మా దగ్గర 80, 85 శాతం చేతికొస్తుంది" అంటే, ఆ డబ్బులో కొంత అప్పు పేరుతోనో, గ్రాంటు పేరుతోనో పన్ను ఎగ్గొట్టి ఇస్తున్నారన్నమాట. పేస్లిప్‌లో చిన్న జీతం ఉండి, బ్యాంకులో రెండు వేర్వేరు మొత్తాలు పడితే అదే గుర్తు. అలా అప్పుల రూపంలో తీసుకున్నవాళ్ల మీద 2019లో లోన్ చార్జ్ అనే పన్ను పడింది. పథకం అమ్మినవాళ్లు తప్పుకున్నారు, పన్ను కట్టాల్సింది కాంట్రాక్టర్లే. 2026 ఏప్రిల్ నుంచి అంబ్రెల్లా పన్ను కట్టకపోతే ఏజెన్సీ కూడా బాధ్యురాలవుతుంది కాబట్టి ఏజెన్సీలు తమ లిస్టులోని కంపెనీలకే పంపుతున్నాయి. అయినా సంతకం పెట్టే ముందు కీ ఇన్ఫర్మేషన్ డాక్యుమెంట్ అడిగి తీసుకోండి. మీ రేటులో ఎవరికి ఎంత పోయి మీకు ఎంత వస్తుందో ఏజెన్సీ దాంట్లో రాసి ఇవ్వాలి.

రెండూ ఉంచుకోవచ్చు

ఈ ఏడాది బయట, వచ్చే ఏడాది లోపల అన్నట్టు కాంట్రాక్టులు మారుతూ ఉంటే లిమిటెడ్ మూసేయాల్సిన పని లేదు. ఇన్‌సైడ్ పని అంబ్రెల్లాలో చేసుకుంటూ, కంపెనీని డార్మంట్‌గా, అంటే లావాదేవీలేవీ లేకుండా, ఉంచవచ్చు. హెచ్ఎంఆర్‌సీకి చెప్పాలి, వ్యాట్ ఉంటే రద్దు చేయించుకోవాలి, కంపెనీలను రిజిస్టర్ చేసే కంపెనీస్ హౌస్‌కి ప్రతి ఏడాదీ డార్మంట్ అకౌంట్స్, కన్ఫర్మేషన్ స్టేట్‌మెంట్ పంపాలి. ఒక్క హెచ్చరిక: అకౌంటెంటు నెల ఫీజు, సాఫ్ట్‌వేర్ చందా లాంటివి కంపెనీ ఖాతాలోంచి కట్ అవుతూ ఉంటే అది డార్మంట్ కాదు. అవన్నీ ఆపించాకే ఆ మాట హెచ్ఎంఆర్‌సీకి రాయండి.